చెవిలో గుయ్యిమనే సద్దుకు మందు ఉందా? మా నాయన నిద్రపోవడం లేదు

తాడిపత్రి_అమ్మాయి:
మా నాయనకు అరవై దాటాయి. తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ దగ్గర చాలా ఏళ్లు పని చేశాడు. ఇప్పుడు చెవుల్లో గుయ్యిమని ఒకటే సద్దు. పగలు ఎట్లో గడిచిపోతుంది గానీ రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఎక్కువవుతుందంట, లేచి కూర్చుంటాడు. ఒక డాక్టర్ చెవిలోకి లైటు వేసి చూసి, వయసైంది, అలవాటు చేసుకోవాలి అని విటమిన్ బిళ్లలు రాశారు. ఏమీ తగ్గలేదు. పక్కింటివాళ్లు వెల్లుల్లి కాచిన నూనె పోయమంటున్నారు. చెవి మిషన్ పెట్టుకుంటే చెవిటోడు అంటారని నాయన బాధ. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూలు_ఆడియాలజిస్ట్:
నూనె పోయకమ్మా. కర్ణభేరికి రంధ్రం ఉంటే ఇన్ఫెక్షన్ అవుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల కణాలు ఉంటాయి, రాయి కోసే మోతకు ఏళ్ల తరబడి అవి దెబ్బతింటాయి, మళ్లీ పుట్టవు. అక్కడి నుంచి శబ్దం సరిగ్గా అందకపోయేసరికి మెదడే ఆ లోటు పూడ్చబోయి ఈ సద్దు వినిపిస్తుందని ఎక్కువమంది నిపుణులు అంటారు. ముందు ఈఎన్‌టీ చూడాలి, గులిమి గట్టిపడి అడ్డం ఉన్నా ఇలాగే అవుతుంది, తీసేస్తే తగ్గొచ్చు. తర్వాత ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష తప్పనిసరి. లావు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా, అంటే 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో శబ్దం ఎంత చిన్నగా పెట్టినా వినపడుతుందో కొలుస్తారు. మోతలో పని చేసినవాళ్లకు ఆ గ్రాఫులో 4000 దగ్గర గీత కిందికి దిగి ఉండటం, అంటే అక్కడ వినికిడి తగ్గి ఉండటం మామూలు.

సద్దును ఆపే మాత్ర ఇప్పటికైతే లేదు. జింకో అనే ఆకు మందు, జింక్, నిద్రకు వాడే మెలటోనిన్ లాంటివి దీనికి సిఫారసు చేయవద్దని అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2014లోనే చెప్పింది. వినికిడి తగ్గి ఉంటే చెవి మిషన్ చాలామందికి నిజంగా పనికొస్తుంది, బయటి శబ్దాలు బాగా అందితే ధ్యాస లోపలి సద్దు మీదికి పోవడం తగ్గుతుంది. నిద్ర లేక దిగులు పెరిగితే సీబీటీ అనే కౌన్సెలింగ్ ఉంది. దాంతో సద్దు పోదు, దాని వల్ల పడే బాధ తగ్గుతుంది. అలవాటు చేసుకో అని ఊరికే పంపేయడం నాకు నచ్చదు, అది ఎట్లా అవుతుందో నేర్పించాలి కదా.

ఎర్రగుంట్ల_సిమెంటు:
అమ్మా, నాకూ ఇదే, సిమెంటు మిల్లు దగ్గర పని చేసి తెచ్చుకున్నది. నాయనను సద్దే లేని గదిలో పడుకోబెట్టొద్దు. ఫ్యాను గానీ, ఫోన్లో వాన శబ్దం గానీ చిన్నగా పెట్టండి, చెవిలో సద్దు కొంచెం వినపడుతూ ఉండాలి, పూర్తిగా మునిగిపోయేంత పెద్దగా వద్దు. చెవి మిషన్ కొనే ముందు ట్రయల్ అడగండి. ఆడియోగ్రామ్ చూడకుండా ఇచ్చేది ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. మొదట్లో గిన్నెల చప్పుడు, సొంత గొంతు కూడా చికాకు పెడతాయి, సెట్టింగ్ మార్పించుకోవడానికి మళ్లీ మళ్లీ పోవాల్సిందే. ఇప్పుడు మనవరాలు వెనక నుంచి పిలిచినా పలుకుతున్నా, నాయనకు ఈ మాట చెప్పండి.

డ్యూటీ_డాక్టర్_కడప:
సద్దు ఒక్క చెవిలోనా, రెండింట్లోనా? ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితో పాటు దబదబమంటున్నా, కళ్లు తిరుగుతున్నా వేరే పరీక్షలు కావాలి, కొందరికి ఎంఆర్ఐ కూడా. ఉన్నట్టుండి చెవి వినపడకుండా పోతే మాత్రం ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి పోవాలి, స్టెరాయిడ్ మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే ఉపయోగం ఎక్కువ. వాడే బిళ్లల చీటీలన్నీ పట్టుకుపోండి, ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో వాడినా సద్దు వస్తుంది. సొంతంగా ఏదీ ఆపొద్దు.

తాడిపత్రి_అమ్మాయి:
రెండు చెవుల్లోనూ అంట, కళ్లు తిరగడం లేదు. బీపీకి, మోకాళ్ల నొప్పికి బిళ్లలు వేసుకుంటాడు, చీటీలు తీసిపెట్టా. అనంతపురం పెద్దాసుపత్రికి పోదామనుకుంటున్నాం. ఇంకో మాట, మా తమ్ముడు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు, చెవుల్లో దూది పెట్టుకుంటాడు, సరిపోతుందా?

కర్నూలు_ఆడియాలజిస్ట్:
దూది అసలు చాలదు. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చు అంటారు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ టైమ్ సగం అవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. రాయి కోసేచోట అంత మోత ఉండటం వింతేం కాదు. చెవులను మొత్తం కప్పే ఇయర్ మఫ్ కొనివ్వండి, మిషన్ ఆడుతున్నంతసేపూ తీయకూడదు. పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి పొద్దున్నే పోయి, ఆడియోగ్రామ్ కావాలని మీరే అడగండి. లోపం 40 శాతం ఉందని సదరం (వైకల్యం) సర్టిఫికెట్ వస్తే కేంద్రం ఏడిప్ పథకంలో చెవి మిషన్‌కు సాయం ఉంది, ఆదాయం చూస్తారు. తమ్ముణ్ని కూడా వెంట తీసుకుపోండి, వినికిడి ఇప్పుడే ఎంత ఉందో రాసిపెట్టుకుంటే ముందు ముందు తగ్గితే తెలుస్తుంది.