గసగసాలు: నూరితే మెత్తబడవు, దాస్తే కనరెక్కుతాయి

ఉల్లికాడ: కోడికూరకి గసగసాలు మిక్సీలో వేస్తే సగం గింజలు నలగకుండా జారు గోడలకి అంటుకుపోతున్నాయి. వేయించాలా, నానబెట్టాలా? అరకిలో ఒకేసారి కొని పెట్టుకోవచ్చా?

రోలూపొత్రం: రెండు చెంచాలు పెద్ద జారులో వేస్తే బ్లేడుకి అందవండీ. చట్నీ జారు తీసుకోండి. గింజలు మునిగేలా వేడినీళ్ళు పోసి ఇరవై నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళు పూర్తిగా వంపేయండి. ముందు నీళ్ళు పోయకుండా, అంతే కొలత పచ్చికొబ్బరి తురుము కలిపి తిప్పండి. తర్వాత చెంచా చెంచాగా నీళ్ళు. మొదట్లోనే నీళ్ళు పోశారా, గింజలు ఈదుతూ బ్లేడు తప్పించుకుంటాయి. చాలామంది దగ్గర చెడేది ఇక్కడే.

మసాలాడబ్బా: వేయించి పొడి కొట్టినా బాగా నలుగుతాయి. సన్నసెగ మీద, నూనె లేకుండా, రెండు నిమిషాలు చాలు. రంగు మారేదాకా ఆగొద్దు. కమ్మటి వాసన రాగానే పళ్ళెంలోకి దించేయండి, మూకుట్లో వదిలితే ఆ వేడికే మాడి కూరంతా చేదు. పూర్తిగా చల్లారాకే మిక్సీ, అదీ ఆపి ఆపి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి అడుగున ముద్ద కడతాయి.

ఉల్లికాడ: కొలత?

మసాలాడబ్బా: అరకిలో కోడికి ఒక పెద్ద చెంచా. అంతకు మించితే పులుసు జిగురుగా అవుతుంది, చల్లారాక ఇంకా బిగుస్తుంది. ముక్క ముప్పాతిక ఉడికాక ముద్ద వేసి, సిమ్‌లో పది నిమిషాలు, అడుగు గీకుతూ కలపాలి. ఇది ఇట్టే అడుగంటుతుంది. పలచన చేయాలంటే వేడినీళ్ళే పోయండి.

వడగట్టు: కడగడం గురించి ఎవరూ చెప్పలేదు. ఇసుక గింజ అంతే సైజులో ఉంటే జల్లెడ పనిచేయదు, గాలించాల్సిందే. గిన్నెలో నీళ్ళు పోసి చేత్తో గుండ్రంగా తిప్పి, గింజలు తిరుగుతుండగానే నీళ్ళతో సహా టీ వడగట్టులోకి వంచాలి. ఇసుక అడుగున ఆగుతుంది. చివరి అరచెంచా మీద ఆశ పెట్టుకోకుండా పారేయండి.

కల్తీ కూడా చూసుకోండి, ఈ ధరకి ఆశ్చర్యం లేదు. భూతద్దంలో గసగసం చిక్కుడుగింజలా వంపు తిరిగి, ఒంటినిండా వల అల్లినట్టు గళ్ళతో కనిపిస్తుంది. నున్నగా, గుండ్రటి బిళ్ళలా ఉంటే అది తోటకూర జాతి గింజ, రాజ్‌గిరా. రవ్వ కలిపితే నీళ్ళలో ఉబ్బి వేళ్ళ మధ్య మెత్తగా నలిగిపోతుంది.

రోలూపొత్రం: దాచడం సంగతి. అరకిలో వద్దు, వందగ్రాములు చాలు. గింజ బరువులో దాదాపు సగం నూనే, వేడికీ వెలుతురుకీ గాలికీ తొందరగా కనరెక్కుతుంది. పొయ్యి పక్కన పోపులడబ్బాలో అసలు పెట్టొద్దు. కడగకుండా, వేయించకుండా, పొడి గాజుసీసాలో ఫ్రిజ్‌లో పెడితే ఆరునెలలు, ఫ్రీజర్‌లో ఏడాది. చల్లటి సీసా మూత వెంటనే తీస్తే లోపల తేమ పడుతుంది, కాసేపు బయట ఉంచి తీయండి. అనుమానమొస్తే నాలుగు గింజలు నమలండి. చేదుగా, పాత నూనెలా గొంతు పట్టిందంటే వేయించినా బాగుపడవు.

ఉల్లికాడ: దుబాయ్‌లో ఉన్న అక్కకి పంపిద్దామనుకుంటున్నా.

వడగట్టు: వద్దండీ! నల్లమందు మొక్క గింజలు కాబట్టి అక్కడా, సింగపూర్‌లోనూ నిషేధం. మసాలా పొడుల్లో కలిపి కూడా పంపొద్దు. అక్కడ నానబెట్టిన పుచ్చగింజల పప్పు నూరి వేసుకోమనండి, చిక్కదనం దగ్గరగా వస్తుంది. జీడిపప్పు తీపెక్కిస్తుంది.

మసాలాడబ్బా: అమెరికాలో మామూలు షాపుల్లో దొరికేవి నల్లవి. కేకులకి సరే, కూర మాత్రం బూడిద రంగుకి తిరుగుతుంది. మన షాపుల్లో తెల్లవి అడగండి. ఉద్యోగానికి మాదకద్రవ్య పరీక్ష ఉన్నవాళ్ళు ఆ వారం గసగసాలు ముట్టకపోవడం మంచిది, మూత్రంలో మార్ఫిన్ కనిపించవచ్చు.

ఉల్లికాడ: నూరిన ముద్ద మిగిలితే?

రోలూపొత్రం: ఫ్రిజ్‌లో రెండో రోజుకే పులుస్తుంది. ఐస్ ట్రేలో గడ్డకట్టించి కవర్లో వేస్తే నెల. కరిగించక్కర్లేదు, గడ్డ గడ్డగానే ఉడికే కూరలో వేసేయండి.