కడబంతి అంటే వరస చివరా, ఆఖరి విడతా?

కాకినాడ నెట్‌వర్కాయన: మల్టీకాస్ట్ మీద, అంటే ఒకడు ఒక్కసారి పంపింది గ్రూపులో చేరినవాళ్లందరికీ అందే నెట్‌వర్క్ పద్ధతి మీద, తెలుగులో పాఠం రాస్తున్నా. ‘బహుళప్రసారం’ అంటే మా అమ్మకి రేడియో గుర్తొచ్చిందట. గ్రూపుని ‘బంతి’ అందామా? అమ్మమ్మ అనేది, ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతి...’ తర్వాత ‘లో’నా, ‘ని’నా?

అమలాపురం మాస్టారు: ‘కడబంతిని కూర్చున్నా ఒకటే’. పంక్తికి వికృతి బంతి. అంటే వరస. కడబంతి ఆ వరస కొస, గుమ్మం పక్కన.

భీమవరం: కాదండి. మొదటి బంతి లేచి, ఆకులు తీసి, నీళ్లు చల్లాక రెండో బంతి. కడబంతి ఆఖరి విడత. ‘లో’ అనే అంటాం.

మాస్టారు: రెడ్డిరాజుల కాలపు కవిసార్వభౌముడి భోజనాల పద్యాలు తియ్యమంటారా?

భీమవరం: వద్దండి, తెల్లారిపోద్ది.

కాకినాడ: నాకు ఆ తేడాయే కావాలి. మల్టీకాస్ట్‌లో విడతలుండవు. ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు, లేవచ్చు. ఆలస్యంగా వచ్చినవాడికి అయిపోయిన ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, మళ్లీ వడ్డించరు.

మండపేట: మరి ‘మనవాడు’ ఎక్కడ? పంపేవాడికి తినేవాళ్లెవరో తెలీదు. 224 నుంచి 239 దాకా అంకెలతో మొదలయ్యే గ్రూపు చిరునామాకి ఒక్క కాపీ వదులుతాడు, అంతే. ‘ఎవరైనా ఉన్నారా?’ అని అడిగేది దగ్గరి రౌటర్. ఆ అడగడానికి, పలకడానికి ఉన్న పద్ధతి ఐజీఎంపీ; దాని రెండో వెర్షన్‌లో మామూలుగా 125 సెకన్లకోసారి. ఒకడు ‘ఉన్నా’ అంటే మిగతావాళ్లు ఊరుకుంటారు.

కాకినాడ: 2002లో వచ్చిన మూడో వెర్షన్‌లో అలా కాదు. ఎవరికి వాళ్లే పలకాలి. పైగా ఫలానావాడు వడ్డిస్తేనే తింటానని చెప్పుకోవచ్చు. మనవాడు అక్కడున్నాడు!

తణుకు: ఇంట్లో కాలువ పెట్టుకుని బంతులెందుకు? ధవళేశ్వరంలో వదిలితే పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె. అక్కర్లేని తూము మూసేస్తారు. ‘పాయ’ అనండి.

మండపేట: నీళ్లు పంచితే తగ్గుతాయండి. దారి చీలిన చోట ప్యాకెట్ కాపీ అవుతుంది. శివారుకి అందలేదన్న గొడవ లేదు.

తణుకు: అదృష్టవంతులు. మొన్న నాట్లప్పుడు మా శివారు చేలకి నీళ్లు రాక, రాత్రి పదింటికి టార్చి పట్టుకుని తూము దగ్గర కాపలా కాశాను.

భీమవరం: మాస్టారూ, ‘లో’ ఒప్పుకున్నట్టేనా?

మాస్టారు: మా అమ్మాయి పెళ్లిలో ఆఖరి విడతలో, గుమ్మం పక్కనే తిన్నాను. వడ్డించింది మా బావమరిది. పూతరేకులు అయిపోయాయన్నాడు.