అప్‌డేట్: గాలం లైను తెగడం ఆగింది, తప్పు దాన్ని చుట్టే రీలుది కాదు

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట గాలం వేస్తుంటే లైను పదేపదే తెగుతోందని పోయిన నెల అడిగాను కదా, కారణం దొరికింది. రాడ్డు పొడవునా లైను దూరి వెళ్లే రింగుల లోపల దూదితో తుడిచి చూడమన్న అన్నయ్యకు దండాలు. రాడ్డు కొసనున్న రింగులో దూది పోగులు పట్టేశాయి. లోపలి పింగాణీ వలయానికి వెంట్రుకంత పగులు, లైను దానికి రాసుకునే తెగుతోంది! కంటికి ఆనలేదు, గోటికీ తగల్లేదు. బాగుచేసే అతను కొసను కాస్త వేడిచేసి, జిగురు మెత్తబడ్డాక పాత రింగు లాగేసి కొత్తది అతికించాడు. ఐదు నిమిషాల పని.

లైను మార్చడం, రీలుకు గ్రీజు పెట్టడం దీనికి అక్కర్లేనివే. నేను రెండూ చేసి డబ్బు తగలేశాను. పగులు ఉప్పు వల్ల కాదట, బండి మీద తెచ్చేటప్పుడు దెబ్బ తగిలుంటుందన్నాడు. రింగుల కాళ్ల దగ్గర తుప్పు మాత్రం ఉప్పు పనే. అందుకే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, నీడన ఆరాకే సంచిలో పెడుతున్నా.

మూడు ఆదివారాలయింది, ఒక్కసారీ తెగలేదు. చేపలు పడ్డాయా అంటారా, అది వేరే కథ.