థాంక్స్‌గివింగ్ టర్కీ ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారు?

ఫ్రిస్కో శీను
ఇక్కడ అమెరికాలో నవంబర్ వచ్చిందంటే స్టోర్ల ఫ్లయర్ల నిండా థాంక్స్‌గివింగ్ పండక్కి వండే టర్కీ కోళ్లే. ఫ్రోజెన్‌ది పౌను డాలర్ లోపు. అదే స్టోర్‌లో చికెన్ బ్రెస్ట్ మూడు డాలర్ల పైమాటే. దేశమంతా ఒకే గురువారం తినే పక్షికి రేటు ఎగబాకాలి కదా? దసరాకి మన దగ్గర మేకమాంసం ఏమవుతుందో, వరలక్ష్మీ వ్రతానికి పూలు ఏమవుతాయో తెలిసిందే. ఇక్కడ తిరగబడిందేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎడిసన్ పద్మ
టర్కీ మీద వాళ్లకి మిగిలేదేం లేదు శీను గారూ, చాలాసార్లు చేతి చమురే వదులుతుంది. కానీ దానికోసం వచ్చినవాళ్లు అదొక్కటే పట్టుకుని పోరుగా! క్రాన్‌బెర్రీ సాస్, స్టఫింగ్, పై క్రస్ట్, బటర్, క్రీమ్, వైన్... రాబట్టుకునేది అక్కడ. మావైపు కొన్ని స్టోర్లు పండక్కి ముందు కొన్ని వారాల్లో ఇన్ని డాలర్ల సరుకు కొంటే టర్కీ ఫ్రీగానే ఇచ్చేస్తాయి.

గడ్డపెరుగు
నేను టర్కీ ఒక్కటే తీసుకుని బయటపడతా. నా దగ్గర వాళ్ల పప్పులు ఉడకవు.

ఎడిసన్ పద్మ
నీలాంటివాళ్ల కోసమే తమ్ముడూ, కింద సన్న అక్షరాల్లో "25 డాలర్ల పైన కొంటేనే, ఇంటికి ఒక్కటే" అని రాస్తారు.

షికాగో రాజేష్
కొన్నాళ్లు ఒక సూపర్‌మార్కెట్ చెయిన్‌లో ధరల లెక్కలు చూశాను కాబట్టి చెప్తున్నా. పద్మ గారు చెప్పింది నిజమే, అయితే అసలు కిటుకు ఇంకొకటుంది. మామూలు రోజుల్లో ఏ స్టోర్‌లో ఏది ఎంతో ఎవరికీ గుర్తుండదు. నవంబర్‌లో మాత్రం అందరూ ఒకే వస్తువు రేటు పోల్చుకుంటారు. ఆ ఒక్క నంబర్ పక్క స్టోర్ కంటే ఎక్కువుందా, సరుకుల బండి మొత్తం అటే పోతుంది. అందుకే గిరాకీ ఉన్నప్పుడే రేటు దించుతారు. దీనిమీద 2003లో షెవలియే, కశ్యప్, రోసీ అనే ముగ్గురు ఆర్థికవేత్తల పేపర్ వచ్చింది. మా షికాగోలో డొమినిక్స్ అనే చెయిన్ బిల్లింగ్ డేటా తీసుకుని చూశారు. క్రైస్తవుల ఉపవాసాల రోజుల్లో, అంటే లెంట్‌లో, ట్యూనా డబ్బాలకి గిరాకీ పెరిగితే రేటు తగ్గింది. తగ్గింది ఎక్కువగా స్టోర్ తన మార్జిన్ కోసుకోవడం వల్లే.

హనుమకొండ సతీశ్, షార్లెట్
గట్లయితే రైతుల నోట్లె మన్నేనా అన్నా? మా నార్త్ కరోలినాల టర్కీ ఫారాలు మస్తుగున్నయి. పెంచెటోళ్లకు ఏం మిగులుతది?

మిన్నెసోటా మూర్తి
లేదు బాబూ, ఆ నష్టం నేరుగా రైతు మీద పడదు. పెంచేవాళ్లలో చాలామంది కంపెనీలతో కాంట్రాక్ట్ మీద ఉంటారు. టర్కీ పిల్లలు, దాణా కంపెనీవి. షెడ్డు, చాకిరీ రైతువి. తూకాన్ని బట్టి డబ్బు. స్టోర్లు కూడా సరుకు నెలల ముందే మాట్లాడుకుంటాయి. ఏడాది మొదటి నుంచి కోసి గడ్డకట్టించి కోల్డ్ స్టోరేజీలో పేరుస్తూ పోతారు, వేసవి చివరికి నిల్వలు బాగా పెరుగుతాయి. నవంబర్ కోసం నవంబర్‌లో కోసే ఫ్రెష్ టర్కీకి ఈ వెసులుబాటు లేదు. దాని రేటు చూడండి, ఎవరూ అంత ఉదారంగా ఇవ్వరు.

ఫార్మ్ బ్యూరో అని ఇక్కడి రైతుల సంఘం, వాళ్ల లెక్కలు ఏటా చూస్తుంటాను. 16 పౌన్ల టర్కీ 2022లో బర్డ్ ఫ్లూ దెబ్బకి 28.96 డాలర్లు, 2024లో 25.67, 2025లో 21.50. తమాషా ఏంటంటే 2025లో హోల్‌సేల్ రేటు అంతకుముందు ఏడాది కంటే పెరిగింది, పక్షులు కూడా తక్కువే. అయినా అరల్లో రేటు దిగింది. పై నుంచి వచ్చే సరుకు ప్రియమైనా స్టోర్ అడ్డం పడి దించిందన్నమాట.

గడ్డపెరుగు
అంటే జనవరిలో టర్కీ తినాలనిపిస్తే అసలు రేటు కట్టాలి.

మిన్నెసోటా మూర్తి
అంతే. జనవరిలో అడిగేవాడు లేడు కాబట్టి ఫ్లయర్‌లో వేసే అవసరమూ లేదు.

ఎడిసన్ పద్మ
చవక అని ఎగబడేముందు లేబుల్ చదవండి. "8 శాతం వరకు ద్రావణం" అని ఉంటుంది, ఉప్పునీళ్లు ఎక్కించి ఉంటారు. బిర్యానీకి మామూలు కోడికి పట్టించినట్టే ఉప్పు పట్టించారా, ఇక నోట పెట్టలేరు. నేను పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, నిమ్మరసమే పట్టించి, ఉప్పు బియ్యంలో మాత్రమే వేస్తా. తొడ ముక్కలు బిర్యానీకి, రొమ్ము వేపుడుకి. రొమ్ము పొడిపొడిగా ఉంటుంది, బిర్యానీలో వేస్తే పీచులా తగులుతుంది.

హనుమకొండ సతీశ్, షార్లెట్
అక్కా, మంచుగడ్డ లెక్కున్న టర్కీని కోసుడెట్ల?

ఎడిసన్ పద్మ
గడ్డగా ఉన్నప్పుడు కత్తి పెట్టకు. ఫ్రిజ్ కింది అరలో ట్రేలో పెట్టు. నాలుగైదు పౌన్లకి ఒక రోజు లెక్క, 16 పౌన్లదైతే ఆదివారమే దించాలి. కౌంటర్ మీద వదిలేయకు, లోపల గడ్డ కరిగేలోపే పైన పాడవుతుంది.

ఫ్రిస్కో శీను
అందరికీ థాంక్స్. పండగ అయ్యాక ఇంకా తగ్గుతుందా? ఆగితే లాభమా?

షికాగో రాజేష్
మిగిలితే కొన్ని చోట్ల దించుతారు. కానీ అప్పటికి చిన్నవి దొరకడం కష్టం, 20 పౌన్ల పైవే ఉంటాయి. ఫ్రీజర్‌లో చోటుందా?

ఫ్రిస్కో శీను
మునక్కాయ ముక్కలు, కరివేపాకు, అత్తగారు పంపిన రొయ్యపొట్టు. వాటిని కదిలిస్తే ఇంట్లో నాకే చోటుండదు. ఈ వారమే చిన్నది తెచ్చేస్తా.