ఐఎస్‌బీఎన్, ఈమెయిల్ ప్రైమరీ కీలుగా పెడితే ఇబ్బందేనా?

ప్రశ్న:
లైబ్రరీ అప్లికేషన్‌కి టేబుల్స్ డిజైన్ చేస్తున్నాను. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, అందులో డేటాని దాచే ఇంజిన్ ఇన్నోడీబీ. పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ఉండే నంబర్), సభ్యులకి ఈమెయిల్ ప్రైమరీ కీ (ప్రతి రోని, అంటే టేబుల్‌లో ఒక్కో ఎంట్రీని, విడిగా గుర్తించే కాలమ్) అనుకున్నాను. రెండూ ఎలాగూ యూనిక్కే కదా, మళ్ళీ ఆటో ఇంక్రిమెంట్ ఐడీ (దానంతటదే పెరిగే నంబర్) దండగ కాదా?

జవాబు 1:
ఈమెయిల్ మాత్రం వద్దు. సభ్యుడు మెయిల్ మార్చుకున్న రోజున అరువులు, జరిమానాలు, రిజర్వేషన్లు అన్నిట్లోనూ ఫారిన్ కీ (ఆ సభ్యుణ్ణి సూచించే విలువ) మారాలి. ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ పెడితే టేబుల్స్‌లో మారుతుంది, లాగ్‌లలో, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైళ్ళలో పాతదే మిగిలిపోతుంది.

ఐఎస్‌బీఎన్‌తో చిక్కు ఇంకోటి. పాత పుస్తకాలకి అది ఉండనే ఉండదు, ప్రైమరీ కీలో నల్ (ఖాళీ విలువ) కుదరదు. 2007లో 10 అంకెలది 13 అయింది. హైఫన్లతో ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కిస్తే ఒకే పుస్తకం రెండు రోలవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఐఎస్‌బీఎన్ ఎడిషన్‌ది, ఒక్కో ప్రతిది (కాపీది) కాదు. ఒకే పుస్తకానివి ఐదు ప్రతులుంటే ఎవరి దగ్గర ఏది ఉందో ఎలా చెప్తారు? ప్రతులకి వేరే టేబుల్ పెట్టి, అరువు దానికి కట్టండి.

జవాబు 2:
ఇన్నోడీబీ రోలని ప్రైమరీ కీ వరసలోనే పేరుస్తుంది, పైగా ప్రతి సెకండరీ ఇండెక్స్‌లోనూ (వేరే కాలమ్‌ల మీద వెతకడానికి వేసేది) ఆ కీని మోస్తుంది. కీ బిగింట్ (పెద్ద పూర్ణసంఖ్య) అయితే 8 బైట్లు. 30 అక్షరాల మెయిల్ అయితే, అరువుల టేబుల్‌లో 10 లక్షల రోలుంటే ఆ ఒక్క కాలమ్‌కే దాదాపు 30 ఎంబీ, దాని మీద ఇండెక్స్ మళ్ళీ అంత. మెయిల్స్ వరసగా రావు కాబట్టి పేజీ స్ప్లిట్లూ (నిండిన పేజీని రెండుగా చీల్చడం) తప్పవు. యాదృచ్ఛికంగా తయారయ్యే పొడవాటి ఐడీ, యూయూఐడీ వెర్షన్ 4కీ ఇదే రోగం. కావాలంటే టైమ్ వరసలో వచ్చే వెర్షన్ 7 తీసుకుని బైనరీ 16లో దాచండి, 36 అక్షరాల టెక్స్ట్‌గా కాదు.

జవాబు 3:
పైవాళ్ళు చెప్పింది సరే. కానీ ఐడీ పెట్టేశాం కదా అని ఈమెయిల్ మీద యూనిక్, నాట్ నల్ మర్చిపోతే ఒకే మనిషి ఐడీ 17గానూ 942గానూ రెండుసార్లు చేరతాడు. ఐడీ దాన్ని ఆపదు. ఐఎస్‌బీఎన్‌కి యూనిక్ పెట్టి నల్ ఒప్పుకోండి, మైఎస్‌క్యూఎల్ యూనిక్ ఇండెక్స్‌లో నల్‌లు ఎన్నున్నా అడ్డు చెప్పదు.

పుస్తకం–రచయిత లింక్ టేబుల్‌కి (ఏ పుస్తకం ఏ రచయితదో చెప్పేది) మాత్రం ఐడీ నిజంగానే దండగ. రెండు ఐడీలూ కలిపి ప్రైమరీ కీ చాలు. రచయిత వైపు నుంచి వెతకడానికి తిరగేసిన వరసలో (రచయిత ఐడీ ముందు) ఇంకో ఇండెక్స్ వేయండి.