‘నీళ్లు పడటం’: పగడాల విషయంలో ఈ మాట చెల్లుతుందా?

బరంపురం సభ్యురాలు: పెద్దలకు నమస్కారం. మా ఊరి తెలుగు పిల్లల కోసం పగడపు దిబ్బల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. వేడెక్కిన సముద్రపు నీటికి పగడాలూ, వాటి కణాలలో కాపురముండే సూక్ష్మ శైవలాలూ (నాచు జాతి జీవులు) క్రమంగా ఓర్చుకోవడాన్ని ‘అనుకూలనం’ అంటే పిల్లలకు అందడం లేదు. కొత్త ఊరికి వచ్చినవారిని మన ఇళ్లలో ‘ఇక్కడి నీళ్లు పడ్డాయా?’ అని అడుగుతాం కదా, ఆ మాట వాడవచ్చునా? పగడాలు తెల్లబడటాన్ని ‘విరంజనం’ అనే రాయాలా?

పర్లాకిమిడి సభ్యుడు: అమ్మా, తప్పక వాడండి, అయితే ఒక హద్దు పాటించాలి. నీళ్లు పడటం ఒక ప్రాణి జీవితకాలంలోనే జరిగేది. వేడిని ఓర్చే గుణం తరతరాల ఎంపికలో నిలిచి సంతానానికి సంక్రమించడం వేరు; ‘అనుకూలనం’ అన్న మాటను దానికి కేటాయిస్తే రెండూ కలగాపులగం కావు. అమెరికన్ సమోవాలోని ఓఫూ ద్వీపంలో, పోటు తీసిన వేళ 34 డిగ్రీల సెల్సియస్ దాటే మడుగు ఒకటి, అంతగా వేడెక్కని మడుగు మరొకటి ఉన్నాయి. రెండవ దానిలోని అక్రొపోరా అనే రకం పగడపు ముక్కలను మొదటి దానిలోకి మార్చగా రెండేళ్లలోపే వాటి ఓర్పు పెరిగిందనీ, అయినా అక్కడి స్థానిక పగడాలతో పూర్తిగా సమానం కాలేదనీ సముద్ర జీవశాస్త్రవేత్త స్టీఫెన్ పలుంబీ బృందం 2014లో ప్రకటించింది. పెరిగినంత మేరకే నీళ్లు పడ్డాయనాలి.

అసలు చిక్కు, నీళ్లు ఎవరికి పడ్డాయన్నది. పగడం జంతువు, శైవలం ఎండతో చేసుకున్న ఆహారంలో అధికభాగం దానికి చేరుతుంది. ఏడాదిలో అతి వెచ్చని నెల సగటుకన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడి వారాల తరబడి నిలిస్తే, శైవలంలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుట్టి ఆ పొత్తు చెడుతుంది, పగడం శైవలాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరుసలో కొన్ని అక్రొపోరా పగడాలలో, ఇప్పుడు డ్యూరుస్డినియం అని పిలిచే రకం శైవలం ప్రధానమైనప్పుడు, వాటికి 1 నుంచి 1.5 డిగ్రీల అదనపు ఓర్పు వచ్చినట్లు 2006లో బెర్కెల్మన్స్, వాన్ ఒపెన్ అనే శాస్త్రవేత్తలు చూపారు. అటువంటి పగడాలు మెల్లగా పెరుగుతాయి. ఇక్కడ మారినది శైవలం కనుక, ‘పగడానికి పడ్డాయి’ అనడంకన్నా ‘పొత్తుకు పడ్డాయి’ అనడమే సరైనది.

‘విరంజనం’ వద్దు, ‘పాలిపోవడం’ అనండి. పాలిపోయిన ముఖానికి మళ్లీ రంగు రావచ్చు. శైవలాన్ని కోల్పోయిన పగడం కూడా ఇంకా బతికే ఉంటుంది, నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది.

రాయగడ సభ్యుడు: ఒక చిన్న మాట. మనం ఉంగరంలో పెట్టుకునే మధ్యధరా ఎర్రపగడంలో ఈ శైవలం ఉండదు, అది దిబ్బలు కట్టదు. పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు, ముందే చెప్పండి.

పర్లాకిమిడి సభ్యుడు: నిజమే. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ‘పడ్డాయి’ అంటే పని పూర్తయిందన్న ధ్వని వస్తుంది. 1998, 2010, 2016 సంవత్సరాలలోనూ, మళ్లీ 2024లోనూ లక్షద్వీప్ పగడాలు పాలిపోయాయి. వేడి తరంగాల నడుమ వ్యవధి తగ్గితే కోలుకోవడానికే సమయం చాలదు. కాబట్టి శీర్షికలో ‘నీళ్లు పడ్డాయి’ అని కాక, ‘నీళ్లు పడతాయా?’ అని ప్రశ్నగానే ఉంచండి.