కర్నూలు: ఎత్తైన భవనం పనులతో రోడ్డు అంచు పోయింది, సైకిలుకు దారి ఎవరిని అడగాలి?

పేపరు సైకిలు:

ఇరవై రెండేళ్ళుగా కర్నూలులో పేపర్లు వేస్తున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు రాజ్‌విహార్ దగ్గర కట్టలు తీసుకుని, సి క్యాంపు మీదుగా నంద్యాల చెక్‌పోస్టు వైపు కాలనీలకు వెళ్తాను. నూట ఎనభై ఇళ్ళు. క్యారియర్ మీద ఇరవై కిలోల పైన బరువుంటే సైకిలు అంత తేలిగ్గా తిరగదు, ఆగదు.

మా దారిలో వేపచెట్లున్న పాత ఇంటిని పడగొట్టి కింద పార్కింగు, పైన ఎనిమిది అంతస్తులు కడుతున్నారు. కట్టడం మీద నాకు కోపం లేదు. 1953లో రాజధాని వచ్చినప్పుడు ఉద్యోగుల కోసం క్యాంపులు వెలిసిన ఊరు ఇది, కొత్త ఇళ్ళు మనకు కొత్త కాదు. నా బాధంతా రోడ్డు అంచు గురించే. సైకిలువాడి రోడ్డంటే ఆ అంచే కదా.

చుట్టూ కట్టిన రేకులు తారు మీదికి జరిగాయి. వాటి ముందు కంకర కుప్ప, అది రోజూ నాలుగు అడుగులు పారుతుంది. రెడీమిక్స్ లారీలను, అంటే కలిపిన కాంక్రీటు తెచ్చే లారీలను, అక్కడే కడుగుతారు. ఆ సిమెంటు పాలు తారు మీద గట్టిపడి గడ్డలవుతున్నాయి. చీకట్లో అవి కనిపించవు. పోయిన నెల ఒక గడ్డ మీద ముందు చక్రం జారి పడ్డాను. మోకాలు మానింది కానీ, ఆ రోజు వెనక కారు ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పైగా డివైడర్‌లో మేము దాటే సందు మూసి, భవనం గేటుకు ఎదురుగా కొత్తది తెరిచారు. బడి పిల్లలు అంత దూరం తిరగలేక ఎదురు దారిలో వస్తున్నారు.

అక్కడి సూపర్‌వైజరును అడిగితే, "రోడ్డు వెడల్పయ్యాక అంతా బాగుంటుంది, ఓర్చుకో" అన్నాడు. రెండేళ్ళు ఎలా ఓర్చుకోవాలి? పని ఆపమని అడగను. మూడడుగుల అంచు, రాత్రి ఒక దీపం కావాలి. ఎవరిని, ఏమని అడగాలి?

పది చక్రాల డ్రైవరు:

అన్నా, నేను రెడీమిక్స్ లారీ నడుపుతాను. మీరు చెప్పిన చోటుకు నేను రాలేదు కానీ, ఇలాంటి చోట్లకే రోజూ వెళ్తాను. లారీలో ఆరు ఘనపు మీటర్ల మాలు పడుతుంది. మాలు బరువే పద్నాలుగు టన్నులకు పైన, బండి బరువు వేరు. నీళ్ళు కలిసిన తరువాత సుమారు రెండు గంటల్లో దించాలి. తొంభై ఘనపు మీటర్ల శ్లాబంటే పదిహేను ట్రిప్పులు, వరసగా. మా తొందర అక్కడి నుంచి వస్తుంది.

ఒక మాట మీ ఇళ్ళలో పిల్లలందరికీ చెప్పండి. మేము కుడివైపు, ఎత్తులో కూర్చుంటాం. ఎడమ తలుపు పక్కన, బంపరు కింద ఉన్న సైకిలు మాకు కనిపించదు. లారీ ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు దూరంగా వెళ్ళినా వెనక చక్రాలు మూలను కోసుకుంటూ వస్తాయి. ఎడమ సందులోంచి దూరి ముందుకు పోవద్దు, వెనకే ఆగండి. లారీ కడగడానికి స్థలం లోపలే గుంట తవ్వాలి. గుంట ఉంటే రోడ్డు మీద కడిగే డ్రైవరు ఉండడు. ముందు అది అడగండి. బడి గంటల్లో లారీలు పిలిపించవద్దని కూడా అడగండి. ఎండాకాలంలో రాత్రి శ్లాబు వేస్తే మాకూ, మాలుకూ మంచిదే.

ఎదురింటి కారు:

నేను ఆ వైపే ఉంటాను, కారు నడుపుతాను. సైకిళ్ళు ఎదురు దారిలో వస్తుంటే తిట్టుకునేదాన్ని, ఇది చదివాక సిగ్గుగా ఉంది. మేము గేటు నుంచి బయటికి వచ్చేటప్పుడు కుడివైపే చూస్తాం, వాహనాలు వచ్చేది అటు నుంచే కాబట్టి. ఎడమ నుంచి వచ్చే పిల్లవాడు చివరి క్షణంలో గానీ కనపడడు. రేకులు మూల మలుపు దాకా నిండుగా ఉండటంతో చూపు అందదు. మూల దగ్గర రెండు రేకులు తీసి జాలీ పెట్టినా చాలు.

విశ్రాంత ప్లానింగు ఉద్యోగి:

అన్నగారూ, మీరు అడగదలచినది మూడడుగులు, నిజానికి మీకు రావలసినది ఎక్కువే ఉండవచ్చు. 2017 నాటి మన రాష్ట్ర నిర్మాణ నియమాల ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్నది హైరైజ్ భవనం. ఎనిమిది అంతస్తులంటే అది దాటినట్టే. ఎంత ఎత్తు కట్టవచ్చనేది ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. రోడ్డు వెడల్పుకు పోయే స్థలముంటే యజమాని దాన్ని ఉచితంగా వదలాలి. ప్లానులో ఆ పట్టీ విడిగా గీసి ఉంటుంది. ఇది మీరు తప్పక చూడాలి. చాలా చోట్ల ఆ పట్టీ మీదే ఇసుక పోస్తారు, తరువాత గడ్డి వేసి కంచె కడతారు, అది ఎప్పటికీ రోడ్డులో కలవదు.

స్థలం 500 చదరపు మీటర్లు లేదా ఫ్లాట్లు ఎనిమిది దాటితే రెరాలో, అంటే స్థిరాస్తి నిర్మాణాలను పర్యవేక్షించే సంస్థలో, నమోదు చేయాలి, మంజూరైన ప్లాను ఆ వెబ్‌సైటులో ఉంటుంది. దొరకకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నిర్మాణ వ్యర్థాలు రోడ్డుకు, కాలువకు అడ్డం పడకూడదని కేంద్ర నియమాలే చెబుతున్నాయి. గట్టిపడిన గడ్డలకు అది వర్తిస్తుంది. పని జరిగే రోడ్డు దగ్గర రాత్రిపూట హెచ్చరిక దీపాలు, మెరిసే పట్టీలు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్పీ 55 చెబుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. ఫొటోలు, తేదీలు జతచేయండి, రసీదు మరచిపోవద్దు. డివైడర్ సందుకు వేరే కాగితం రాయండి. రెండూ ఒకే అర్జీలో పెడితే ఒకటి నలుగుతుంది.

పేపరు సైకిలు:

అందరికీ నమస్కారాలు. డ్రైవరు అన్న మాటను మా వీధి పిల్లలకు ఈ సాయంత్రమే చెప్పాను. ఒకడు లేచి, తాను రోజూ ఎడమ సందులోంచే పోతానన్నాడు. ప్లాను దొరికింది. మా అబ్బాయి ఫోనులో పెద్దది చేసి చూపించాడు. ముందు వైపు అడ్డంగా పట్టీ ఉంది, రెండు మీటర్లు, "రోడ్డుకు వదిలినది" అని. ఈ ఉదయం పేపర్లు వేశాక టేపు పట్టుకుని వెళ్ళాను. ఆ పట్టీ మొత్తం రేకుల లోపలే ఉంది, దాని మీద ఇటుకలు పేర్చారు.

సోమవారం తొమ్మిదిన్నరకల్లా కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాను. ఎదురింటి అమ్మగారు కూడా సంతకం పెడతానన్నారు. ఆ రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళు ఇంకెవరైనా రాగలిగితే రండి.